ముప్పయ్యో పేరు

నా పేరు నూర్ అహ్మద్. పుంగనూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసుకుని బతుకుతున్నాను. రెండు వీధుల కుర్రాళ్ళు రాళ్ళు రువ్వుకున్న ఏడాది, ప్రభుత్వానికి ఉన్నట్టుండి వాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గొడవల్లో తిరిగేవాళ్ళకు పని నేర్పితే గొడవలు ఆగుతాయట. మదనపల్లెలో సెంటర్ పెట్టి, నన్ను మాస్టర్‌ని చేసి, ముప్పై మంది పేర్లు రాసిమ్మన్నారు.

ఇరవై తొమ్మిది మందే దొరికారు. ముప్పై నిండకపోతే నిధులు రావు. అప్పుడే రామసముద్రం నుంచి ఆదిలక్ష్మమ్మ తన కొడుకు రమణను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవుల్ని మేపుకుని బతికే ఇల్లు వాళ్ళది. రమణ ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు.

"వానికీ ఒక సీటు ఇయ్యప్పా. కొట్లాడినోళ్ళకేనా పని నేర్పేది? నా కొడుకు నెమ్మదిగా ఉండాడని వదిలేస్తారా?" అంది.

న్యాయమే అనిపించింది. లిస్టులో వాడి పేరు పక్కన 'రాళ్ళు రువ్వినవాడు' అని నా చేత్తోనే రాశాను. రమణ నవ్వుతూ సంతకం పెట్టాడు. పెద్ద పుణ్యం చేశానని ఆ రోజు తెగ మురిసిపోయాను.

రమణ చేతిలో పనితనం ఉంది. నిజంగా రాళ్ళు రువ్విన రఫీ పక్కన కూర్చుని రాగితీగ చుట్టేవాడు, ఇద్దరూ ఒకే క్యారియర్లో తినేవాళ్ళు. ఆరు నెలలకు నిధులు ఆగిపోయాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. సెంటర్‌కు తాళం పడింది. అయినా రమణకు కుప్పంలో మోటార్ల కంపెనీవాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. ఏ గొడవల్లోనూ లేడని పోలీసు కాగితం ఒక్కటి తెమ్మన్నారు.

నిధుల కోసం పంపిన మా లిస్టు కాపీ స్టేషన్లోనూ ఉంది. కాగితం ఇవ్వకపోగా, పండగ ఊరేగింపుకు ముందు రమణను పిలిపించి, గొడవ చేయనని పూచీకత్తు రాయించుకున్నారు.

సిగ్గు చంపుకుని ఎస్సై దగ్గరికి వెళ్ళాను. "అది అబద్ధం సార్. సీటు కోసం నేనే రాసినాను."

"అయితే సర్కారు సొమ్ము కోసం మోసం చేసినావన్నమాట. అదే రాసిస్తావా?" అన్నాడు ఎస్సై, తెల్లకాగితం నా ముందుకు తోసి.

ఇంట్లో పెళ్ళాం మసూదా, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. పెన్ను ముట్టుకోలేకపోయాను. పిరికివాణ్ణి.

బయట రమణ నిలబడి ఉన్నాడు. నా ముఖం చూడగానే వాడికి అర్థమైపోయింది.

"పోనీలే సార్. ఈ తూరి గొడవైతే నేనూ రాయి ఎత్తుకుంటా. మీరు రాసిందన్నా నిజమవుతాది."

వద్దురా అనే హక్కు నాకు లేదు.