సగం గడప, సగం గిటారు

నేను ఒక గడపను. అసలు సిసలు మన్యం టేకు గడపను. కాకినాడలో ఒక లాయరు గారి మేడకు సింహద్వారం కింద పడుకుని ఎందరినో లోపలికి రానిచ్చాను, చూసుకోకుండా వచ్చినవాళ్ళను బోర్లా పడేశాను.

మనుషులకు నా మీద ఉన్న భక్తి విచిత్రమైనది. శుక్రవారం పసుపు రాసి, బొట్లు పెట్టి దణ్ణం పెట్టేవారు. శనివారం నాకేసి కొట్టి చెప్పుల మట్టి దులిపేవారు. కోపం వస్తే చాలు, "మళ్ళీ ఈ గడప తొక్కితే ఒట్టు" అని నా సాక్షిగా శపథాలు చేసేవారు. అలా ఒట్టు పెట్టుకుని వెళ్ళిన లాయరు గారి బావమరిది వారం తిరక్కుండా కాఫీకి వచ్చేవాడు. నేను ఒక్కమాట అన్నానా? లేదు. గడపకు ఉండాల్సిన మొదటి గుణం నోరు మూసుకుని ఉండటం.

ఆ మేడను పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. కొత్త ఫ్లాట్లకు గ్రానైటు గడపలట. నన్ను పెకలించి పాత కలప అడితిలో కిటికీ రెక్కల మధ్య పడేశారు. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది పొయ్యిలోకి కట్టెలు కొనేవాళ్ళే. నాకు భయం వేసింది. ఇంతకాలం పూజలందుకున్నదాన్ని చివరికి ఏ టీ కొట్టులోనో బూడిదైపోతానేమోనని బెంగపడ్డాను.

అప్పుడు వచ్చాడు మల్లిబాబు. గిటార్లు బాగుచేస్తాడు. నన్ను వేలి కణుపుతో టకటకా కొట్టి, వంగి చెవి ఆనించాడు. ఇంతకాలం నా మీద కాలు పెట్టినవాళ్ళే గానీ చెవి పెట్టినవాడు లేడు. "ఎంత బాగా ఎండిందండీ బాబూ!" అని మురిసిపోయి, రిక్షాలో ఇంటికి తీసుకుపోయాడు.

ఆయన ఆనందానికి కారణం రూతమ్మ టీచరు. ఆవిడ చర్చిలో పాటలు పాడించే మనిషి. ఆవిడ భర్త దానియేలు మాస్టారు పెరట్లో పామును చూశాననుకుని, చేతికందిన ఆవిడ గిటారుతో ఒక్కటి వేశారు. గిటారు మెడ విరిగింది. పాము మాత్రం కదల్లేదు, ఎందుకంటే అది మొక్కలకు నీళ్ళు పెట్టే పైపు. ఆ గిటారు మళ్ళీ పాడేదాకా మొగుడితో మాట్లాడనని టీచరు శపథం చేసింది. బావమరిది శపథం లాంటిది కాదు, గట్టిది. క్రిస్మస్ దగ్గర పడుతోంది. మెడకు బాగా ఎండిన, వంపులేని టేకు కావాలి. అంటే నేను కావాలి.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. మల్లిబాబు కొట్టూ కాపురమూ ఒకే అద్దె ఇంట్లో. ఆ ఇంటి గడప సిమెంటుది. దానికి పసుపు రాస్తే మరకలు పడతాయని ఇంటి ఓనరమ్మ గొడవ. మల్లిబాబు భార్య అనంతలక్ష్మికి సొంత గడపకు పసుపు రాసుకోవాలని పెళ్ళయిన నాటి నుంచీ కోరిక. రిక్షా దిగిన నన్ను చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇల్లు కట్టాలంటే ముందు మంచిరోజు చూసి గడప నిలబెడతారు కదా.

"ఏవండీ, గడప తెచ్చారా! నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదేంటండీ?"

మల్లిబాబు నోరు తెరిచాడు, మూశాడు. ఆయన మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది, చెప్పాల్సిన మాట వేళకు నోట రాదు. ఆవిడ నాకు తలంటు పోసినంత శ్రద్ధగా కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి గోడకు నిలబెట్టింది. పక్కింటివాళ్ళందరినీ పిలిచి చూపించింది. స్థలం ఎక్కడ కొన్నారని వాళ్ళు అడిగితే నవ్వి ఊరుకుంది. మల్లిబాబు రోజూ రంపం పట్టుకుని నా దగ్గరికి రావడం, బొట్లు చూసి వెనక్కి వెళ్ళడం. ఒకసారి టేపుతో కొలుస్తూ దొరికిపోయాడు.

"తలుపు వెడల్పుకా అండీ?"

"ఊఁ" అన్నాడు దౌర్భాగ్యుడు.

చివరికి రూతమ్మ టీచరే వచ్చింది. "మల్లిబాబు గారూ, మెడకి చెక్క దొరికిందన్నారు, ఏదండీ?"

మల్లిబాబు పైకప్పు చూశాడు, నేల చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. ఆ చూపును అనంతలక్ష్మి చూసింది. టీచరు నా బొట్లు చూసింది. ఎవరూ ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

"వద్దులెండి," అంది టీచరు. "ఇంటికని పెట్టుకున్న గడప. నేను వేరే చూసుకుంటాను. ఆయనతో మాట్లాడకపోతే నాకూ ప్రాణం హాయిగానే ఉంది." ఆ చివరి మాట అంటూ ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది.

అనంతలక్ష్మి వచ్చి నా మీద చెయ్యి వేసింది. ఒక్కొక్క బొట్టునూ వేలితో తడిమింది. నాకే ఏడుపొచ్చింది.

"కొయ్యండి," అంది మొగుడితో. "పొడుగునా సగానికి కొయ్యండి. సగం టీచరు గారికి, సగం నాకు."

"సన్నబడిపోద్దే!"

"సన్నబడితే సన్నబడనివ్వండి. మనం కట్టేది మాత్రం మేడ అవుద్దా ఏంటి?"

అలా నేను రెండయ్యాను. ఒక సగం గోడకు ఆనుకుని శుక్రవారం శుక్రవారం పసుపు రాయించుకుంటోంది. ఇంకో సగాన్ని చెక్కి, నునుపు చేసి, వేళ్ళు ఎక్కడానికి వరసగా మెట్లు బిగించి, తీగలు కట్టారు. గడపకు మెట్లుండటం మర్యాదే కదా!

క్రిస్మస్‌నాడు చర్చిలో మొదటిసారి నోరు విప్పాను. ఇన్నేళ్ళు మూసుకున్నందుకు గట్టిగానే విప్పాను. పాట అయ్యాక టీచరు మొగుడి వైపు తిరిగి, "పైపు చుట్టి లోపల పెట్టారా?" అని అడిగింది. దానియేలు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ పెట్టానన్నారు.

తీగలు మార్చడానికి నన్ను మల్లిబాబు దగ్గరికి పంపినప్పుడల్లా అనంతలక్ష్మి నా మెడ పైన కాస్త పసుపు రాసి, బొట్టు పెట్టి పంపుతుంది. మొన్న ఆదివారం పాస్టరు గారు అది చూసి, ఏదో మరక అంటుకుందనుకుని జేబులోంచి రుమాలు తీశారు.

"తుడవకండి పాస్టరు గారూ," అంది రూతమ్మ టీచరు. "అది అనంతలక్ష్మి గారి ఇల్లండి."

ఆ ఇంటికి ఇంకా గోడల్లేవు, కప్పు లేదు, స్థలం కూడా లేదు. పాస్టరు గారు నన్ను కాసేపు చూసి, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.