టైపమ్మ రాయని పాట

టైపమ్మ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని క్యాసెట్‌ను నాలుగోసారి వెనక్కి తిప్పింది. "తారిరే దూరి లేలే నా..." గాయకుడి గొంతు మళ్లీ మొదలైంది. కొత్త బాణీ పాడేటప్పుడు ఆయనకు మాటలు రావు. నోటికొచ్చిన శబ్దాలు పాడేసి క్యాసెట్ ఆమె బల్ల మీద పడేస్తాడు. ఆ కూతల్లో ఇమిడే మాటలు వెతికి రాయడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. వేళ్ల కణుపులు ఉబ్బాయి, ఎడమ చెవి మందగించింది. జీతం కాగితంలో మాత్రం ఆమె టైపిస్టే.

ఆ రాక్ బ్యాండు ఇద్దరు అన్నదమ్ములది. అన్న పాడతాడు, తమ్ముడు గిటారు వాయిస్తాడు. పదకొండేళ్లుగా వాళ్లకు మాటల్లేవు. తమ్ముడు పై గదిలో బాణీ కడితే అన్న కింది గదిలో పాడతాడు. ఒకరి తిట్లు ఇంకొకరికి మోసి మోకాళ్లు అరగదీసుకున్నది టైపమ్మ.

ఆ ఉదయం సినిమా కంపెనీ మనిషి వచ్చాడు. వాళ్ల పాత పాట ఒకటి సినిమాలో కావాలన్నాడు, చివర్లో పేర్లు పడేటప్పుడు కొత్తది ఇంకొకటి కావాలన్నాడు. గిటారు ముక్క తీసేస్తేనే పాత పాట ఇస్తానని అన్న, ఆ గొంతు తీసేస్తేనే ఇస్తానని తమ్ముడు. మధ్యాహ్నం దాకా ఆమె మెట్లెక్కి దిగింది. చివరికి విసుగెత్తి సినిమా మనిషి ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే, చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"'తలుపు తీసే ఉంది, నువ్వే మూసుకుపోయావు' అన్న లైను కోసమే మా డైరెక్టరు ఈ పాట పట్టుబట్టాడు. రాసిందెవరో ఒప్పందంలో పెట్టాలి," అన్నాడతను.

"నేనే," అన్నాడు అన్న. అదే క్షణాన తమ్ముడూ "నేను" అన్నాడు.

భర్త ఇల్లు వదిలి వెళ్లిపోయిన వారంలో టైపమ్మ రాసుకున్న మాట అది.

"అది నాది," అంది.

అన్న ఆమె వైపు తిరగనైనా లేదు. "నువ్వు టైపు కొట్టేదానివి. కొట్టు."

తమ్ముడు నవ్వాడు. పదకొండేళ్లలో అన్న మాటకు అతను నవ్వడం అదే మొదలు. ఇద్దరి పేర్లూ వేసెయ్యమన్నాడు.

ఆమె కొట్టింది. ఒక్క తప్పు లేదు, మీటలు విరిగేంత కసిగా కొట్టింది. సంతకాలయ్యాయి. కొత్త పాట మాటలు సాయంత్రానికల్లా కావాలన్నాడు అన్న.

"మీరే రాస్తారుగా, రాసుకోండి," అని ఆమె చేతిసంచీ తీసుకుని వెళ్లిపోయింది.

టీ తాగడానికి పోయిందనుకున్నారు. సాయంత్రం అన్న మైకు ముందు నిలబడి అలవాటుగా చెయ్యి చాచాడు. ఎవరూ కాగితం పెట్టలేదు. "తారిరే" అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"మాటలేవిరా?" అన్నాడు, తప్పనిసరై, గిటారుతో కిందికి వచ్చిన తమ్ముడితో.

"నన్నడుగుతావేం?" అని తమ్ముడు విసురుగా లేచి ఆమె గదికి వెళ్లాడు. లైటు వేశాడు. ఖాళీ కుర్చీలో ఆమె పాత దుప్పటి ముక్కతో కుట్టుకున్న దిండొకటి ఉంది, నడుమ లోతుగా గుంటపడి, ఒక మూల కుట్లు ఊడి.