టాక్సీలో మెత్తని గొంతు

అమెజియాన్ తొమ్మిది పాటలు రాసి, తనే బాణీలు కట్టి, ఒక్క గిటారుతో పాడి సీడీ చేశాడు. పాడాననడం కంటే పక్కింటివాళ్ళకు వినబడకుండా జాగ్రత్తపడ్డాననడం సబబని అతనే చెప్పుకుంటాడు. నలభై నాలుగేళ్ళ లెక్కల మాస్టారు మరి, గట్టిగా పాడితే క్లాసులో పిల్లలు నవ్వుతారని భయం.

అల్జీర్స్‌లో సీడీలు వేసే బూజెమా విని, "బాగున్నాయి మాస్టారూ, కానీ పెళ్ళిలో పెడితే పెళ్ళికొడుకు నిద్రపోతాడు. డ్రమ్ములు, కీబోర్డు కలుపుదాం. వద్దంటే నా వల్ల కాదు" అన్నాడు. సాయంత్రంలోగా ఏ సంగతీ తేల్చి చెప్పాలి. అమెజియాన్ సగం ఒప్పేసుకునే బెజాయాలో అల్జీర్స్ వెళ్ళే షేర్ టాక్సీ ఎక్కాడు.

మా వైపు ఏ పాట బతుకుతుందో తేల్చేది దూరం తోలే టాక్సీ డ్రైవర్లే. అందుకే, "ఎవరో ఇచ్చారు, వేసి చూడు బెలాయిద్ అన్నా" అని తన సీడీ డ్రైవరు చేతిలో పెట్టాడు.

మొదటి పాట మొదలైంది. వెనక సీట్లో ఇద్దరు ఫుట్‌బాల్ రిఫరీని తిడుతూనే ఉన్నారు. అమెజియాన్ తట్టుకోలేకపోయాడు. ఇంకెవరో వెక్కిరించేలోగా తనే వెక్కిరించుకుంటే నొప్పి తగ్గుతుందని అతని నమ్మకం.

"ఎవడండీ వీడు? అన్నం తినడా?"

రెండో పాటకు, "గిటారు అరువు తెచ్చుకున్నట్టున్నాడు, అరిగిపోతుందేమోనని మీటుతున్నాడు" అన్నాడు. బెలాయిద్ పకపకా నవ్వాడు. అమెజియాన్‌కు హుషారు వచ్చింది. మూడో పాటంతా ఆపకుండా వాగాడు.

నాలుగోది వాళ్ళమ్మ మీద రాసింది. నాన్న పోయాక కూడా ఏడాదిపాటు ఆవిడ రోజూ రెండు కప్పుల్లో కాఫీ పోసేది.

"ఇదిగో, ఇప్పుడు ఏడుపు మొదలెట్టాడు" అన్నాడు అమెజియాన్.

పక్కన అత్తిపళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ గిర్రున తిరిగింది. "నోరు మూసుకో నాయనా! ఎక్కినప్పట్నుంచీ ఒకటే సొద. ఆ అబ్బాయి ఏదో చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీ."

"అంత మెల్లగా పాడితే ఎలా వినబడుతుంది పెద్దమ్మా?"

"నువ్వు ఆపితే వినబడుతుంది."

వెనకవాళ్ళు కూడా రిఫరీని వదిలేశారు. బెలాయిద్ కిటికీ అద్దం ఎత్తేశాడు. తన పాటకు తను అడ్డం పడకుండా అమెజియాన్ వినడం అదే మొదటిసారి. రెండో కప్పు దగ్గర ఆ గొంతు కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకుంది. బాగానే ఉంది. ఆ మాట తనలో తను ఒప్పుకునేసరికి కళ్ళు నిండాయి, సిగ్గు కూడా వేసింది.

"మొదట్నుంచీ వెయ్యి బెలాయిదూ. ఈయన గోలలో సగం పోయింది" అంది ముసలావిడ.

అమెజియాన్ ఫోను తీసి బూజెమాకు మెసేజీ కొట్టాడు: "డ్రమ్ములు వద్దు."

"మరి ఎవరు వింటారు మాస్టారూ?" అని వెంటనే జవాబు వచ్చింది.

అలవాటు కొద్దీ తన మీద తనే ఒక జోకు కొట్టబోయాడు. ఆ ఫోను మీటల టకటకలకు ముసలావిడ మళ్ళీ కళ్ళెర్రజేసింది.

"అది కూడా ఆపు."

అతను ఫోను జేబులో పెట్టేసి, చేతులు కట్టుకుని, బుద్ధిగా విన్నాడు.