లక్ష్మీకాంతం గారి గ్లాసు

ఇస్త్రీపెట్టె కాలర్ దగ్గరికి వచ్చేసరికి రూబెన్ ఊపిరి బిగబట్టాడు. తెల్ల చొక్కా మిగతాచోట ఎక్కడ నలిగినా టై కొంత కప్పేస్తుంది, కాలర్ నలిగితే మాత్రం ఎదుటివాళ్ళ చూపు అక్కడే ఆగిపోతుంది. వంటగది గట్టు మీద తువ్వాలు పరిచి ఇస్త్రీ చేసుకోవడం అతనికి అలవాటైపోయింది. షాంటిలీలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఇస్త్రీ బల్ల ఉంది కానీ దానికి ఒక కాలు లేదు. అంతకుముందు ఉన్న మిషనరీలెవరో విరగ్గొట్టి, గోడకు ఆనించి పోయారు. ఆ ఇంట్లో సామాను అంతా అలా ఎవరో వదిలేసి వెళ్ళిందే. కుర్చీలు, పెనం, బాత్‌రూమ్‌లో తెర, చివరికి ఇస్త్రీపెట్టె కూడా.

రేపు తను కూడా ఈ ఇల్లు వదిలి వెళ్ళాలి. ట్రాన్స్‌ఫర్ కబురు నిన్ననే వచ్చింది. వర్జీనియాకే దక్షిణపు కొసన ఏదో చిన్న ఊరు. అక్కడ తెలుగువాళ్ళు ఉండరని మిషన్ ప్రెసిడెంట్ ఫోన్‌లో కాస్త నొచ్చుకున్నట్టుగా చెప్పాడు. రూబెన్‌కు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, రాత్రి ప్రార్థనలో ఆ మాట ఎత్తకుండా ముగించాడు.

బాత్‌రూమ్‌లోంచి హాన్సెన్ పాట వినిపిస్తోంది. ఐడహో కుర్రాడు, రూబెన్‌కు జతగాడు. మోర్మన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు ఎప్పుడూ జంటగానే ఉండాలి. తిన్నా, నడిచినా, తలుపు తట్టినా ఒకరి కంటి ముందు ఒకరు మెలగాలి. రెండేళ్ళు జీతంలేని కొలువు. సినిమాలు లేవు, ప్రేమలు లేవు, కాఫీ టీలు అసలే లేవు. ఇద్దరికీ మీసాలు సరిగా రాని వయసు, అయినా చర్చి ఇద్దరినీ ఎల్డర్ అనే పిలుస్తుంది. అంటే పెద్దమనిషి అని.

చొక్కా తొడుక్కుని జేబుకు నల్ల ప్లాస్టిక్ బ్యాడ్జి పెట్టుకున్నాడు. దాని మీద సొంత పేరు ఉండదు, ఇంటిపేరే ఉంటుంది. ఎల్డర్ నేలపూడి. అమెరికన్లు ఆ పేరు పలకబోయి, నోరు తిరక్క, నవ్వేసి వదిలేస్తారు. తెలుగువాళ్ళకు నోరు బాగానే తిరుగుతుంది. వచ్చిన చిక్కల్లా అదే.

ప్రెసిడెంట్ చాలా మంచివాడు. షాంటిలీలో తెలుగు కుటుంబాలు ఎక్కువని తెలిసి, రాజమండ్రి కుర్రాడైతే వాళ్ళ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని మురిసిపోయి ఇక్కడ వేశాడు. తలుపులు తెరుచుకున్నమాట నిజమే. ఇండియన్ కిరాణా కొట్టు పార్కింగ్‌లో ఒకాయన తెలుగు వినగానే బియ్యం బస్తా కార్‌లో పడేసి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "రాజమండ్రా బ్రదర్! మాది పక్కనే, కడియం. వీకెండ్‌లో ఇంటికి రండి, డిన్నర్ చేద్దాం" అన్నాడు. అంటూనే బ్యాడ్జి చూశాడు. భుజం మీద చెయ్యి నెమ్మదిగా జారి జేబులోకి పోయింది. "సరే బ్రదర్, కాల్‌లో జాయిన్ అవ్వాలి" అన్నాడు. ఆ రోజు ఆదివారం.

మాకు మీ మతం వద్దు అని మొహం మీద చెప్పేవాళ్ళంటే రూబెన్‌కు గౌరవమే. వాళ్ళతో పేచీ లేదు. తాత కాలంలో ఒకసారి, అమ్మ కాలంలో ఇంకోసారి వాళ్ళ ఇంట్లో మతం మారారు. రెండుసార్లు మారినా ఇంటిపేరు ఉన్నచోటనే ఉంది, అది సముద్రం దాటి వచ్చి జేబు మీద కూర్చుంది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే అమ్మకు ఆ బ్యాడ్జి అంటే ప్రాణం. ఎయిర్‌పోర్ట్‌లో తీసిన ఫోటోలో కొడుకు మొహం కంటే బ్యాడ్జే బాగా కనబడుతుందని ఫ్రేమ్ కట్టించింది.

షాంటిలీ మొత్తంలో అతనికి మూసుకోకుండా నిలిచిన తలుపు ఒక్కటే. అది బ్రహ్మయ్యగారిది.

ఆయన తణుకులో కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కొడుకు ఉదయ్ దగ్గరికి వచ్చేశాడు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రందాకా ఆ టౌన్‌హౌస్‌లో ఒక్కడే. చలికాలంలో వీళ్ళిద్దరూ తలుపు తట్టినప్పుడు, శుక్లాలు కమ్మిన కళ్ళతో ఎవరో పోల్చుకోలేక ఇంగ్లీషులో విసుక్కున్నాడు. రూబెన్ "నమస్కారమండీ" అనగానే మెట్టు దిగి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. దేవుడి సంగతి తర్వాత, ముందు లోపలికి రమ్మన్నాడు.

బ్యాడ్జి అన్నిటికంటే పైన వేసుకునే బట్ట మీద ఉండాలని నియమం. చలికాలంలో పైబట్ట అంటే కోటే. బూట్లతోపాటు కోటు విప్పి గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించేవాడు. చలికాలమంతా అతని ఇంటిపేరు గుమ్మం దగ్గరే వేలాడింది, అతను మాత్రం లోపల సోఫాలో కూర్చున్నాడు. నియమం ఎక్కడా తప్పలేదు.

ఊరూ పేరూ బ్రహ్మయ్యగారు అడిగాడు. రాజమండ్రి అనీ, రూబెన్ అనీ విన్నాక మిగతాది తనే తేల్చేసుకున్నాడు. "కిరస్తానంలో కలిసినవాళ్ళలో అందరూ ఉన్నార్లే. మా డివిజనల్ ఇంజినీరు కూడా అంతే. నీ మాట తీరు చూస్తే తెలీటం లేదూ, మీరు ఎప్పుడో కలిసుంటారు గానీ మనవాళ్ళే" అన్నాడు. రూబెన్ ఔననలేదు, కాదనలేదు. కాఫీ తాగరని తెలిసి ఆయన అల్లం ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చాడు, స్టీలు గ్లాసులో. పెదవి ఆనించాలా, ఎత్తి పోసుకోవాలా అని ఒక్క క్షణం ఆగి, ఆనించే తాగాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ గ్లాసు అతనిదైంది. అంచు కింద చుక్కలతో చెక్కిన పేరు ఉంది, లక్ష్మీకాంతం అని. అది పోయిన ఆవిడ పేరు.

ఏప్రిల్‌లో కళ్ళకు ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం చుక్కలు వేసేవాళ్ళు లేక ఆయన ఇబ్బంది పడుతుంటే ఆ పని రూబెన్ అడిగి మరీ తీసుకున్నాడు. రోజూ అటువైపు సైకిల్ తిప్పి, చేతులు కడుక్కుని, ఆయన తల ఒడిలో పెట్టుకుని, రెప్ప లాగి చుక్క వదిలేవాడు. "నీ చెయ్యి చల్లనయ్యా" అనేవాడు ఆయన. "కళ్ళజోడు రానీ. ముందు నీ మొహం సరిగ్గా చూసి, ఎదురుగా కూచోబెట్టి ముద్దపప్పూ ఆవకాయా కలిపి పెడతాను."

ఈ దేశం వచ్చాక రూబెన్‌ను ఒక తెలుగింటి బల్ల దగ్గర కూర్చుని అన్నం తినమన్నవాళ్ళు ఆయన తప్ప లేరు. కళ్ళజోడు నిన్న వచ్చింది. అన్నం ఇవాళే. మే నెల ఎండ కాస్తోంది, కోటు అవసరం లేదు. బ్యాడ్జి చొక్కా మీదే ఉంది. దారి పొడవునా రూబెన్ ఆ సంగతి మర్చిపోయాడు. అంత సంతోషంగా సైకిల్ తొక్కాడు.

తలుపు తీయగానే పప్పు వాసన వచ్చింది. హాన్సెన్ తనకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు వాక్యం అప్పజెప్పాడు. "నమస్కారం థాథగారూ!" బ్రహ్మయ్యగారు పకపకా నవ్వాడు. కొత్త కళ్ళజోడులో ఆయన కళ్ళు పెద్దవిగా, చిన్నపిల్లాడివిలా ఉన్నాయి. పొద్దున్నుంచీ ఇంట్లో అక్షరం కనబడితే చాలు చదివేస్తున్నాడట. పాల డబ్బా, మందు సీసా, టీవీ రిమోటు ఏదీ వదల్లేదట.

"రా, వెలుతురులోకి రా. ఏదీ, మొహం చూడనీ."

రెండు చేతులతో రూబెన్ బుగ్గలు పట్టుకుని చూశాడు. "బంగారంలా ఉన్నావయ్యా. నేను అనుకున్నట్టే ఉన్నావు." చూపు కిందికి దిగింది. అక్షరాలు కనబడ్డాయి. చదివే సరదా ఇంకా తీరలేదు కాబట్టి పైకే చదివాడు. "ఎల్డర్... నే... ల... పూ... డి."

చేతులు బుగ్గల మీదే ఉన్నాయి కానీ వేళ్ళు బిగుసుకోవడం రూబెన్‌కు తెలిసింది. తర్వాత అవి వెనక్కి వెళ్ళిపోయాయి.

"నేలపూడి వారా? రాజమండ్రి అన్నావు కదా."

"ఉండేది రాజమండ్రేనండి. మావాళ్ళదంతా కోనసీమండి. లంక ఊరు."

"లంక ఊరు." బ్రహ్మయ్యగారు తల ఊపాడు. "మాకూ అటువైపు చుట్టాలున్నార్లే."

ఇంకేమీ అడగలేదు. అడగవలసింది ఏమీ మిగల్లేదు. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. రూబెన్ అలవాటుగా సింకు దగ్గరికి నడిచి చేతులు కడుక్కుంటుంటే, "చుక్కలు వద్దులే బాబూ. కోడలు వచ్చి వేస్తుంది" అన్నాడు. ఎప్పుడూ "ఏవయ్యా" అనే మనిషి "బాబూ" అన్నాడు. గొంతులో కోపం లేదు, అసహ్యం లేదు. మర్యాద ఉంది. రూబెన్ కుళాయి కట్టేసి తడిచేతులు తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

బల్ల మీద మూడు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి బ్రహ్మయ్యగారు ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీశాడు. "మీకు పనులుంటాయి కదా. ప్యాక్ చేసి ఇస్తాను, తీరిగ్గా తినండి." పప్పన్నం డబ్బాల్లోకి ఎత్తి, పక్కన ఆవకాయ వేసి మూతలు నొక్కాడు. హాన్సెన్ థాంక్స్ మీద థాంక్స్ చెప్పి, వీడు రేపు ఊరు మారుతున్నాడని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ మాటతో బ్రహ్మయ్యగారి మొహం తేటపడింది. బరువు దిగినట్టు పెద్దగా ఊపిరి విడిచాడు. అల్మరా తెరిచి స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద, రూబెన్‌కు అందేలా పెట్టాడు.

"ఇది నువ్వు తీసుకెళ్ళు. నువ్వు తాగిన గ్లాసే. గుర్తుగా ఉంచుకో."

హాన్సెన్‌కు ఆ పేరు ఎవరిదో తెలుసు. చనిపోయిన భార్య గ్లాసు ఇచ్చేస్తున్నాడని అతని కళ్ళు చెమర్చాయి. రూబెన్ గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. అతను జీవితంలో ఎవరినీ ఎదిరించి ఎరగడు. అప్పుడు మాత్రం తల ఎత్తాడు.

"ఇందులో కాస్త మజ్జిగ పోయండి తాతగారూ. తాగి వెళ్తాను."

బ్రహ్మయ్యగారు మజ్జిగ చెంబు తెచ్చాడు. ఆరు నెలలుగా పోసినట్టు గ్లాసు తన చేతిలోకి తీసుకోలేదు. రూబెన్ పట్టుకున్న గ్లాసులోకి పైనుంచి, చెంబు ఎక్కడా తగలకుండా, మూరెడు ఎత్తు నుంచి పోశాడు. చుక్క కింద పడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఇలా పోయడం ఆయన ఎక్కడో చూసి నేర్చే ఉంటాడు. నేర్చినదాన్ని చెయ్యి మర్చిపోలేదు. ఆ పోత ముచ్చటగా ఉందని హాన్సెన్ ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

రూబెన్ పెదవి ఆనించి, గుక్క తిప్పుకోకుండా తాగాడు. బ్రహ్మయ్యగారు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

బయటికి వచ్చాక హాన్సెన్ ఆగలేకపోయాడు. ఇంత గొప్ప కానుక తన మిషన్‌లో చూడలేదన్నాడు. రూబెన్ సైకిల్ తాళం తీస్తూ అమ్మమ్మను తలుచుకున్నాడు. ఆమె ఆసాముల ఇంట్లో పేడకళ్ళు తీసేది. ఆమె గ్లాసు వాళ్ళ పశువుల పాక చూరులో దోపి ఉండేది. ఒకరోజు రూబెన్ అమ్మ, అప్పటికి చిన్నపిల్ల, దాహమేసి ఇంటి లోపలి గ్లాసుతో నీళ్ళు తాగేసింది. ఆసామి భార్య తిట్టలేదు, కొట్టలేదు. "తీసుకుపోవే, నీకే" అని గ్లాసు చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని బహుమతి అనుకుని పెళ్ళయ్యేదాకా దాచుకుంది. అది ఎందుకు ఇచ్చారో అమ్మమ్మ చెప్పిన రోజున మాత్రం అమ్మ అన్నం తినలేదు.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పడానికి రూబెన్ నోరు తెరిచాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టాలి, అది హాన్సెన్‌కు పలకడమే రాదు. "అవును, చాలా గొప్ప కానుక" అన్నాడు. పోయిన భార్య పేరునైనా వదులుకున్నాడు గానీ నేను తాగిన గ్లాసును ఇంట్లో ఉంచుకోలేకపోయాడు అని మనసులో అనుకున్నాడు. హెల్మెట్ పట్టీ బిగించి ముందుకు కదిలాడు. మధ్యాహ్నమంతా ఎప్పటిలాగే తలుపులు తట్టారు. పప్పన్నం రెండు డబ్బాలూ సాయంత్రం హాన్సెనే తిన్నాడు, ఆవకాయకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ.

మర్నాడు పొద్దున రూబెన్‌కు సూట్‌కేసు సర్దడానికి ఎక్కువసేపు పట్టలేదు. చొక్కాలు, గ్రంథాలు, కోటు. కోటు మీద రెండో బ్యాడ్జి ఇంకా అలాగే ఉంది. తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. కింద కారు వచ్చింది. హాన్సెన్‌కు కొత్త జతగాడు అందులోంచే దిగాడు, బట్టతల ఛాయలు అప్పుడే కనబడుతున్న యూటా కుర్రాడు. చేతులు కలుపుకున్నారు, ప్రార్థన చేసుకున్నారు.

రూబెన్ మెట్లు దిగుతుంటే హాన్సెన్ పైనుంచి కేకేశాడు. "ఎల్డర్! నీ గ్లాసు మర్చిపోయావు!"

"మర్చిపోలేదు. ఉండనీ, పనికొస్తుంది" అని రూబెన్ కారెక్కాడు.

పనికొచ్చింది. సాయంత్రానికల్లా బాత్‌రూమ్ గట్టు మీద, ఎవరో వదిలేసి వెళ్ళిన తెర పక్కన, ఆ స్టీలు గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు చేరాయి, చుక్కలతో చెక్కిన లక్ష్మీకాంతం పేరు మీద తెల్లటి పేస్టు మరక ఎండిపోయింది.