కలవని తెల్లగీత

పొద్దున్నించీ యోష కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సొంతంగా రేసు కారు తయారుచేసి పోటీకి తెచ్చిన నలభై ఇద్దరు విద్యార్థుల జట్టుకి నాయకుడు. ఇవాళ చివరి పరుగు, కిలోమీటరు చొప్పున ఇరవై రెండు చుట్లది, మొత్తం మార్కుల్లో మూడో వంతు దానికే. ఇంత పెట్టుకుని ఆ మహానుభావుడికి చెయ్యడానికి పనే లేదు. అదీ అసలు బాధ.

ఈ కార్ల జట్ల తీరే అంత. చట్రం వాళ్లు వేరు, చక్రాలూ వాటిని పట్టి ఉంచే ఊచలూ చూసేవాళ్లు వేరు, కరెంటు వాళ్లు వేరు, కంపెనీల చుట్టూ తిరిగి బతిమాలి సామాను తెచ్చేవాళ్లు వేరు. కారులో ఎన్ని వందల వస్తువులున్నా, జాబితాలో ప్రతిదాని పక్కనా ఒక్కరి పేరే ఉంటుంది. అది విరిగితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ ఒక్కరే. నాయకుడి పేరు మాత్రం దేని పక్కనా ఉండదు. నిరుడు ముందు చక్రాల పక్కన యోష పేరుండేది. ఈ ఏడు ఫ్రౌకె పేరుంది. మూడో ఏడాది పిల్ల, మాట తక్కువ, చెయ్యి ఖచ్చితం. తను ప్రాణం పెట్టి చేసినవి ఇంకొకరి చేతుల్లో చూస్తూ, చెవికి రేడియో తగిలించుకుని ఊరికే నిలబడటం ఉందే, పగవాడికి కూడా వద్దు.

"కూర్చోరా బాబూ! నిన్ను చూస్తుంటే నాకు కడుపులో తిప్పుతోంది," అన్నాడు తామ్మొ. కారు నడిపేది అతనే. నిప్పంటని బట్టలు నడుం దాకా తొడుక్కుని, రొట్టెలో, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం, పచ్చి మాంసం ముద్ద, ఉల్లిపాయ ముక్కలు పెట్టుకుని లాగిస్తున్నాడు.

"తిప్పదు మరి! పరుగుకి ముందు తినే తిండేనా అది?"

"నీ మొహం చూస్తూ ఖాళీ కడుపుతో ఉండటం నా వల్ల కాదు."

అప్పుడే కారు ముందు ఎడమ చక్రం దగ్గర వంగి చూస్తున్న ఫ్రౌకె నిదానంగా లేచి నిలబడింది.

"ఈ నట్టు ఎవరు ముట్టుకున్నారు?"

జట్టులో ఒక కట్టుబాటుంది. నట్టు బిగించినవాళ్లు దాని మీంచి బోల్టు మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీసి, కాగితం మీద పేరు రాయాలి. ఇంకొకరు బిగువు కొలిచి సరిచూడాలి. నట్టు కాస్త కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. ఇక్కడ ముక్కలు పావు చుట్టు దూరంలో ఉన్నాయి.

యోష చూపు తిప్పుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి అందరూ కాఫీకి వెళ్లినప్పుడు అతనొక్కడే కారు దగ్గరున్నాడు. చెయ్యి ఊరుకోలేదు. ఆ నట్టు వదులుగా ఉందనిపించింది. అనిపించింది, అంతే. మామూలు స్పానరు పెట్టి ఒక్క పట్టు పట్టాడు. రంగు కలం జేబులోనే ఉంది. ఇంతలో రేడియోలో పిలుపు వచ్చింది, వెళ్లాడు, మరిచిపోయాడు. మరిచిపోయాననే తనకి తాను చెప్పుకున్నాడు గానీ, గీత గీస్తే పేరు రాయాలి కదా!

"ఎవరో చెప్తే ఒక్క బోల్టు మార్చుకుని పది నిమిషాల్లో బయటపడతాం," అంది ఫ్రౌకె. "చెప్పకపోతే ఇంకెన్ని ముట్టుకుని పైన కొత్త గీత గీశారో నాకేం తెలుసు? నలభై ఎనిమిది నట్లూ విప్పి చూడాలి. గంట పైనే పడుతుంది. పరుగుకి మన పిలుపు ముప్పై ఐదు నిమిషాల్లో."

పిలిచినప్పుడు బయలుదేరే గీటు దగ్గర కారు లేకపోతే ఏడాది కష్టం బూడిదపాలే.

"కొత్తవాళ్లలోనే ఎవరో అయ్యుంటారు," అని గొణిగారు వెనక నుంచి. కొత్తవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యోష ఆ మొహాల వైపు చూడలేకపోయాడు. గీత లేకుండా ముట్టుకున్నవాళ్లు ఆ రోజంతా జట్టుని వదిలి పరుగు బాట కంచె బయటే ఉండాలి. చక్రాల పని చూసేటప్పుడు ఆ నియమం రాసింది ఎవరనుకున్నారు? తనే. నిరుడు ఇదే రోజున దాన్ని వాడి బయటికి పంపింది ఎవరిని? ఈ ఫ్రౌకెనే. పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా కరగలేదు దొరగారు.

"సరే, మొదలుపెట్టండి. ఎడమ వైపు నుంచి," అంది ఫ్రౌకె. స్పానర్లు చప్పుడు చేశాయి.

"ఆపండి," అన్నాడు యోష. "నేనే."

తామ్మొ నమలడం ఆపేశాడు. "నువ్వా? నాయకుడివి, నీకేం పనిరా దాంతో?"

"పని లేకేరా."

ఫ్రౌకె బోల్టు వైపు చూపించింది.

"ఆ ఒక్కటేనా?" అంది ఫ్రౌకె.

"ఒక్కటే. ఒట్టు."

"ఏ స్పానరు?"

"మామూలుది. చేతి అంచనా."

ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. కొత్త బోల్టు తీసి వంగింది. అందిద్దామని యోష చెయ్యి అలవాటుగా పనిముట్ల పళ్లెం మీదికి వెళ్లింది. ఆమె పళ్లెం తన వైపుకి జరుపుకుంది. బిగించింది, గీత గీసింది, పేరు రాసింది. ఇంకొకరు సరిచూశారు. తొమ్మిది నిమిషాలు.

"ఇవాళ్టికి వదిలెయ్యి ఫ్రౌకె, వీడికి ఇదే ఆఖరి ఏడు," అన్నాడు తామ్మొ.

ఫ్రౌకె పనిముట్లు సర్దుతోంది. యోష తన చెవి నుంచి రేడియో తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మూడో స్తంభం దగ్గర నిలబడు," అంది ఆమె.

"ఏంటి?"

"కంచెకి. మిగతా చోట్ల టైర్ల గుట్ట అడ్డం. అక్కడైతే మలుపులో ముందు ఎడమ చక్రం కనిపిస్తుంది."

ఎండ మండిపోతోంది. యోష కంచె వెంట నడిచి మూడో స్తంభం పట్టుకున్నాడు. కళ్లెత్తు దగ్గర ఇనుము మీద వరసగా సన్నని తెల్లగీతలున్నాయి, వెలిసిపోయి. లెక్కపెట్టాడు. ఇరవై రెండు. నిరుడు చుట్టుకొకటి గీస్తూ, ఆ పిల్ల ఒక్కతే ఇక్కడ నిలబడింది.

కారు మొదటిసారి మలుపు తిరిగింది. ముందు ఎడమ చక్రం నిటారుగానే ఉంది. యోష జేబులోంచి, పొద్దున బయటికి రాని రంగు కలం తీసి, ఆ గీతల కింద ఒకటి గీశాడు.