రెండు బకెట్ల ఉప్పునీళ్ళు

సిరిసిల్లలో నలభై ఏళ్ళు నూలుకు రంగులద్దాను. గొప్పకు చెప్పడం లేదు. నేను చేసిన తప్పుకు మూలం అక్కడే ఉంది కాబట్టి చెబుతున్నాను. మూడో తరగతితో బడి మానేశాను. తెలుగు అచ్చు పెద్దదిగా ఉంటే కూడబలుక్కుంటాను, చేతిరాత చదవలేను. నీళ్ళ సంగతి మాత్రం ఎవరికైనా చెప్పగలననుకునేవాణ్ణి. ఏ బావి నీళ్ళకు ఎరుపు పడుతుందో, ఏ బోరు నీళ్ళకు నలుపు మచ్చలుగా తేలుతుందో నాలుక మీద చుక్క వేసుకుని చెప్పేవాణ్ణి.

మా అల్లుడు మధుకు కోరుట్లలో రక్త పరీక్షల ల్యాబు ఉంది. వాళ్ళ అపార్ట్‌మెంటు హాల్లో రెండడుగుల గాజు తొట్టి పెట్టి, అందులో సముద్రపు జీవాలను పెంచుతాడు. చేపలు రెండే. మిగతావి రాళ్ళకు అతుక్కుని పువ్వుల్లా ఊగే పగడాలు. ఊదావి, పచ్చవి, ఒకటి మోదుగుపువ్వు రంగుది. నాలుగేళ్ళ నుంచి ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకున్నాడు. రోజూ పొద్దున సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు మారేదాకా లెక్కపెట్టి క్యాలెండరు మీద రాసేవాడు. ఉప్పు ఎంతుందో చూసే గొట్టం ఒకటి వేరే ఉంది. అందులో ముప్పై అయిదు కనబడాలట.

మధు వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్‌కు అతను, మా అమ్మాయి నవత హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. అయిదు రోజులు ఇంట్లో ఉండమని నన్ను పిలిపించారు.

"మామా, గీ గీత కిందికి నీళ్ళు దిగితే మంచినీళ్ళు పొయ్యి, చెంబెడు" అన్నాడు మధు, ఒక చేత్తో సంచి సర్దుకుంటూ. "ఆదివారం రెండు బకెట్లు తీసేసి రెండు బకెట్ల ఉప్పునీళ్ళు పొయ్యాలె. మెల్లగ. గీటికి ఏదైనా ఒక్కసారే మారితే తట్టుకోవు. అంత గీ కాయితంల రాసిన."

"నీళ్ళ గురించి నాకు చెప్తున్నవా అల్లుడా" అన్నాను.

నవత నవ్వింది. "బాపు నోట్ల నుంచి గంత పెద్ద మాట వచ్చిందంటే ఇగ ఫికర్ లేదు తియ్."

కాగితం చూశాను. సగం ఇంగ్లీషు, సగం గొలుసుకట్టు. చదవరాదని అనలేక మడిచి జేబులో పెట్టుకున్నాను.

మంచినీళ్ళంటే వంటింట్లోని క్యాను నీళ్ళు. అవి రోజూ సరిగ్గానే పోశాను. ఆదివారం వచ్చింది. సిరిసిల్లలోనైనా కోరుట్లలోనైనా మాకు ఉప్పునీళ్ళంటే ఒకటే, బోరునీళ్ళు. పప్పు ఉడకని నీళ్ళు, సబ్బు నురగ రాని నీళ్ళు. ఇంట్లో రెండు నల్లాలుంటే ఒకటి మంచినీళ్ళది, ఒకటి ఉప్పునీళ్ళది అంటాం. నేను ఉప్పునీళ్ళ నల్లా తిప్పి రెండు బకెట్లు పట్టాను. చెప్పినట్టే తొట్టిలోంచి రెండు తీసేసి మెల్లగా పోశాను.

మధ్యాహ్నానికి పగడాలన్నీ ముడుచుకున్నాయి. నిద్రపోతున్నాయేమో అనుకున్నాను. సాయంత్రం అయిదింటికి ఒక చేప గాజుకు ఆనుకుని ఊరికే నోరు తెరుస్తుంటే, తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. నీళ్ళు చప్పబడ్డాయి. అప్పుడు బట్టలుతికే జాగాలో ఉన్న నీలం డ్రమ్ము మూత తీసి వేలు పెట్టాను. కటిక ఉప్పు. పక్కన ఉప్పు సంచి. మధు చెప్పిన ఉప్పునీళ్ళు ఇవే.

ఒక్క ఫోను చేస్తే అయిపోయేది. నీళ్ళ గురించి నాకు చెప్తున్నవా అన్న నోటితో ఎలా చెయ్యను? తొట్టిలోంచి రెండు బకెట్లు తీసి డ్రమ్ములోని నీళ్ళు పోశాను. నాలుకకు ఇంకా తక్కువే తగిలింది. సంచిలో చెయ్యిపెట్టి పిడికెడు ఉప్పు తొట్టిలోనే వేశాను. మళ్ళీ రుచి చూశాను. మళ్ళీ వేశాను. పది పన్నెండు పిడికిళ్ళు పడ్డాయి. రంగు తొట్టిలో ఎవడైనా ఇలా ఒక్కసారే ఉప్పు కుమ్మరిస్తే నూలంతా మచ్చలు పడుతుందని చెయ్యి మీద కొట్టేవాణ్ణి. ఆ పనే నేను చేశాను. పనివాళ్ళెవరైనా అయితే తెలియక చేసేవారు.

తెల్లారి నీళ్ళు పాలలా ఉన్నాయి. చేపలు రెండూ పైకి తేలాయి. పగడాలు జిగురై రాళ్ళ మీద నుంచి జారుతున్నాయి.

ఇల్లు తుడిచే వెంకటవ్వ వచ్చి చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. నాలుగు రోజులుగా నాతో పరాచికాలాడిన మనిషి. "కాకా, రోజుకు ఎన్ని మాటలో నీకు రేషన్ ఉన్నదా ఏంది" అనేది. ఆ రోజు మాత్రం "గిట్ల తెల్లగైనయేంది కాకా, నీళ్ళు?" అని మెల్లగా అడిగింది. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. ఆమె ఫినాయిలు కలిపి ఇల్లు తుడిచి పోయింది.

మంగళవారం మధు వచ్చాడు. సంచి కూడా దించకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. గొట్టంలో నీటిచుక్క వేసి వెలుతురుకు పెట్టి చూశాడు. "ముప్పై అయిదు. ఉప్పు కరెక్ట్‌గనే ఉన్నది" అన్నాడు నవతతో. నా నాలుక అంత సరిగ్గా తూచింది. దాంతో అతని అనుమానం నా మీదికి రాలేదు. తెల్లటి నీళ్ళు, తెల్ల ఫినాయిలు. అతను వెంకటవ్వను పిలిచాడు.

"ఫినాయిల్ చెయ్యి గిండ్ల వెట్టినవా?"

"లేదు సారూ. నేను దాని దిక్కు వోలే."

"మరి గిట్లెట్ల అయితయి? నాలుగేండ్ల సంది లేంది."

వెంకటవ్వ నా వైపు తిరిగింది. "కాకా, నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గదా. చెప్పరాదా సారుకు."

"నేను సూడలే" అన్నాను.

ఆ అయిదు రోజుల్లో వెంకటవ్వకు నేను ఇచ్చిన జవాబు అదొక్కటే. ఆమె బకెట్టు బాత్రూంలో బోర్లించి వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సుకే నేను సిరిసిల్ల చేరుకున్నాను.

ఎనిమిదో రోజు నవత ఫోను చేసింది. "వెంకటవ్వను మాన్పించినం బాపూ. కింద మూడిండ్లోళ్ళు గూడ పనికి వద్దన్నరట. ఫినాయిల్ చేతులతోని అన్నీ ముట్టుకుంటదని. మంచి మనిషే అనుకున్నం."

"ఊఁ" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. జగిత్యాల బస్సు దొరికింది. అక్కడ దిగి కోరుట్ల బస్సెక్కాలి. రెండు బస్సులు వచ్చి ఎదుటే ఆగి వెళ్ళిపోయాయి, నేను బల్ల మీద నుంచి లేవలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. మూడోది ఎక్కాను.

మధు ఒక్కడే ఉన్నాడు. ఖాళీ తొట్టిని గుడ్డతో తుడుస్తున్నాడు. కాగితం చదవలేకపోయానన్న దగ్గర్నుంచి పిడికిళ్ళ దాకా చెప్పాను. అతను గుడ్డ పక్కన పెట్టాడు.

"రుచి చూసి ఏసినవా?"

"ఆఁ."

"కరెక్ట్ ముప్పై అయిదు వచ్చింది మామా" అని నవ్వబోయి ఆగాడు. "నాలుగైదు రోజులల్ల కొంచెం కొంచెం పెంచుకుంట పోతే సగమన్న బతుకుతుండె. ఒక్క ఫోన్ కొడితే ఏమైతుండె?"

 అతను గుడ్డ మడిచి తొట్టి మీద వేశాడు. "గవి వోతే వోయినయి. ఆమెను నేను మీ అందరి ముందట అడిగిన" అని ఫోను తీశాడు.

వెంకటవ్వ వచ్చి గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. మధు తప్పయిందన్నాడు, రేపటి నుంచి పనికి రమ్మన్నాడు. నేను ఆమె కాళ్ళ వైపు చూస్తూ, "నేనే చేసిన" అన్నాను.

"నాకెరికే" అన్నది వెంకటవ్వ. "నేను చెయ్యలే అంటె ఇగ నువ్వే గదా. ఇంట్ల ఇంకెవరున్నరు?"

మధు తల దించుకున్నాడు.

"నాకు చెప్తె ఏమొస్తది కాకా. కిందోళ్ళకు చెప్పు. నడువు."

మొదటి ఇంటావిడ విని, "అయ్యో, గట్లనా" అని వెంకటవ్వను చూసి నవ్వింది, రేపు రమ్మంది. రెండో ఇంట్లో ముసలాయన మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు. ఉప్పునీళ్ళు, డ్రమ్ము, పిడికిళ్ళు, అన్నీ చెప్పాను. లోపలి నుంచి కోడల్ని, మనవరాలిని పిలిచి వాళ్ళ ముందు ఇంకోసారి చెప్పించాడు. "గంత పెద్దమనిషివి, సూడలే అని ఎట్లన్నవయ్యా?" అన్నది కోడలు.  వెంకటవ్వ నన్ను ఆదుకోలేదు, ఎందుకు ఆదుకోవాలి? మూడో ఇంటావిడ సగం విని, "గిప్పుడు వేరే ఆమెను పెట్టుకున్నం. ఆమెనెట్ల తీసెయ్యాలె?" అని తలుపు వేసుకుంది.

వెంకటవ్వ ఆ తలుపు ముందు కాసేపు నిలబడింది. 

"మీదింటోళ్ళున్నరు ఇంక" అన్నది. "గాళ్ళ దగ్గర నేను పని చెయ్య. గాని మాట గక్కడిదాక వోయింది."

మెట్లెక్కడం మొదలుపెట్టింది. నేను మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కేసరికి, ఆమె అప్పటికే తలుపు కొట్టి పక్కకు జరిగి నిలబడింది.