గాలి పక్షాన

అయితే ఆవిడకు నవ్వడం వచ్చన్నమాట, పళ్ళు కనిపించేలా, మధ్యలో దగ్గు వచ్చినా ఆపకుండా, అతను పటానికి కట్టాల్సిన గాజుపలక మీద స్కేలు ఆనించి కోతకలంతో గీత గీయబోతూ ఆగిపోయాడు, గోడకవతల అత్తగారు నవ్వుతోంది, మామగారు చనిపోయినప్పటి నుంచీ ఆవిడ ఈ ఇంట్లోనే ఉంటోంది, ఇన్నేళ్ళలో ఈ గోడలు ఆ నవ్వు వినలేదు, మందులు వేళకు తెచ్చిపెట్టినప్పుడు నవ్వలేదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే తనే రంపం తీసుకుని ఆవిడ మంచం కోళ్ళు కోసి ఎత్తు తగ్గించినప్పుడూ నవ్వలేదు, ఇవాళ, సముద్రపు ఒడ్డునున్న ఊరి నుంచి తుఫానుకు జడిసి పెళ్ళాంతో సహా పారిపోయి వచ్చిన చిన్నల్లుడు గుమ్మంలో నిలబడి, అత్తా, నీ చిన్నకూతుర్ని చేపలకు పెట్టకుండా తీసుకొచ్చా, నాకేమిస్తావో ముందు చెప్పు, అనగానే నవ్వింది, ఒరేయ్, నువ్వు మారవురా, అంటూ వాడి తడిచొక్కా పట్టుకుని మరీ నవ్వింది, తననేమో ఇప్పటికీ మీరు, పెద్దల్లుడుగారు, మీకెందుకండీ శ్రమ, ఆ మాటల్లో ఉన్నది గౌరవమేనని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాడు, ఇప్పుడు పక్కన ఆ ఒరేయ్ వింటుంటే అది మనిషిని గడప బయట కుర్చీ వేసి కూర్చోబెట్టడంలా ఉంది, గీత గీశాడు, పలక రెండుగా విరగాల్సింది మూడుగా విరిగింది.

ప్రేమ అనేది గిన్నెలో నీళ్ళ వంటిది కాదనీ, ఒకరు తాగితే మరొకరికి తగ్గదనీ అతను ఎప్పుడో చదివాడు, చదివి అవునని తల ఊపి ఆ పుట దగ్గర గుర్తు కూడా పెట్టుకున్నాడు, తల ఊపడం సులువు, అప్పుడు ఇంట్లో తోడల్లుడు లేడు, ఇప్పుడున్నాడు, పడవల ఇంజన్లు బాగుచేసే చేతులు, గోళ్ళ సందుల్లో నూనె మరక, గది నిండేటంత గొంతు, రేడియోలో ఒక గంభీరస్వరం తుఫాను మధ్యాహ్నానికి తీరం దాటిందనీ సాయంత్రానికి గాలులు లోపలి ఊళ్ళకు చేరతాయనీ చెబుతుంటే ఈ వీధిలో ఎవరూ పట్టించుకోలేదు, ఎదురింటి దర్జీ కుట్టుమిషను ఆపకుండానే, సముద్రం మనకెంత దూరమండీ, ఉప్పు కూడా కొట్లో కొనుక్కునేవాళ్ళం, మన దాకా వచ్చేసరికి అది ఆయాసపడి చినుకైపోతుంది, అన్నాడు, అతనూ నిన్న భార్యతో దాదాపు అదే అన్నాడు, గాలీ లేదు గీలీ లేదు, నీ పని చూసుకో, అని, ఆ మాట మీద ఆమె నిన్న ఊరుకుంది, ఇవాళ వీడు వచ్చి, వదినా, బిందెలన్నీ నింపు, నీళ్ళ ట్యాంకు మూత తాడేసి కట్టు, ఆ వేపు కిటికీకి చెక్క కొట్టాలి, అన్నాడో లేదో చీర కుచ్చెళ్ళు దోపుకుని ఇంటినే ఎత్తేసేలా తిరుగుతోంది, మీరూ లేచి ఒక చెయ్యి వెయ్యండి, మరిదిగారికి ఇవన్నీ అలవాటు, అని తనకే చెబుతోంది, ఆమె కళ్ళలో ఆ మెరుపు ఏమిటి, భయమా, పండగా, పెళ్ళైన కొత్తలో పై గది కట్టుకునేటప్పుడు ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతూ ఇలాగే ఉండేది, ఆ మెరుపు ఇంకా ఉందని అతనికి తెలియదు, దాన్ని వీడు చిటికేసి పిలిచాడు, వచ్చింది, కూతురైతే సరేసరి, బాబాయ్, మేకులు ఇవా, బాబాయ్, నిచ్చెన నేను పట్టుకోనా, తను ఒక పటానికి జిగురు రాయమంటే నాలుగుసార్లు పిలిపించుకునే పిల్ల, వాడి వెనక తోకలా తిరుగుతోంది.

మరదలు ఒక మూల కూర్చుని ఫోను చెవికి ఆనించుకుని ఉంది, వాళ్ళ పక్కింటివాళ్ళకు చేస్తోంది, పలకడం లేదు, మళ్ళీ చేస్తోంది, దానికి తోడల్లుడు, ఎందుకే ఆ ఫోనును ఏడిపిస్తావు, మన ఇల్లు ఈపాటికి పడవైపోయి ఉంటుంది, నేను వెళ్ళి ఒక ఇంజను బిగిస్తే చాలు, నేరుగా మీ అక్కావాళ్ళ గుమ్మంలోకే వచ్చేస్తాం, అన్నాడు, అందరూ నవ్వారు, మరదలు కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, అత్తగారు చప్పున వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదు, పలకను కొలుస్తూ తలుపు సందులోంచి ఆ చేతుల్ని చూసి అతను అనుకున్నాడు, ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఎంత సులువు, జాలి వాడిదే, మెప్పు వాడిదే, ఇల్లు నిలబెట్టుకున్నవాడి వంక చూసేదెవరు, అనుకున్న మరుక్షణం తనేం అనుకున్నాడో తనకే వినిపించి పలక మీద నుంచి చెయ్యి తీసేశాడు, మనిషి ఇల్లు నీళ్ళలో కొట్టుకుపోతే దానిమీద కూడా ఈర్ష్య పడొచ్చా, పడొచ్చు, అడ్డేమీ కనిపించలేదు.

అన్నయ్యా, అత్తను పైకి చేర్చేద్దాం, అన్నాడు తోడల్లుడు పనిగదిలోకి తొంగిచూసి, పటాల మధ్య దారి చేసుకుంటూ, మా దగ్గర మొదటి పని అదే, ముసలివాళ్ళూ బియ్యమూ మేడ మీదికి, నీళ్ళు వచ్చాయంటే కింద ఉన్నవాళ్ళనే వెతుక్కుంటాయి, పైన గది చూశాను, కప్పు ఎంత బాగా కట్టావయ్యా, అగ్గిపెట్టెలా బిగువుగా ఉంది, అన్నాడు, అతనికి నోటిదాకా వచ్చింది మాట, ఇక్కడ నీళ్ళు రావు, ఈ వీధి మిట్ట మీద ఉంది, వానెంత పడినా కాలువలోకి జారిపోతుంది, నువ్వు చూసింది కప్పు కాదు, పటాల వెనక కొట్టే హార్డుబోర్డు, దానికి చుట్టూ సన్నటి చెక్క బీడింగు, నేనే వెల్లకిలా పడుకుని మెడ పట్టేసేదాకా బిగించాను, దాని పైన ఉన్నది రేకులు, ఈ ఊళ్ళో రేకుల్ని ఎవరూ బిగించరు, దూలాల మీద పరిచి రాళ్ళు పెడతారు, అంతే, కిందటి వేసవిలో చిన్న సుడిగాలికే ఒక అంచు లేచి పడడం నేను కళ్ళారా చూశాను, అదంతా నోటిదాకా వచ్చింది, పటం చూసేవాడు వెనక మేకుల్ని చూడనట్టే ఇంట్లోవాళ్ళు కూడా బోర్డు వెనక రేకుల్ని ఎప్పుడో మరచిపోయారు, ఈ ఊరివాళ్ళకు గాలి అంటే ఆరేసిన బట్టలు ఎగరేసేది, అంతకుమించి తెలియదు, చెప్పాల్సినవాడు తనొక్కడే, చెబుదామని నోరు తెరిచేలోగా గోడకవతలి నుంచి అత్తగారి గొంతు, ఒరేయ్, నన్ను మోయగలవా, ఎముకలే గాని బరువుంటాను, నువ్వో లెక్కా అత్తా, నీకంటే నా ఇంజనే బరువు, అని వాడు, నవ్వులు, మెట్ల మీద అడుగుల చప్పుడు, కూతురు ముందు పరిగెత్తింది దిండు పట్టుకుని, భార్య, జాగ్రత్త జాగ్రత్త, అంటూ వెనక, అతను నోరు మూశాడు, మోయనీ, అన్నీ తెలిసినవాడు కదా, మోయనీ.

పలకలన్నీ గోడకు చేరవేసి గోనెపట్టా కప్పాడు, కప్పుతూ తనకు తాను చెప్పుకున్నాడు, గాలి రాకపోవచ్చు, వస్తే అప్పుడే చెప్పొచ్చు, ఇప్పుడు చెబితే ఓర్చుకోలేక చెప్పాడంటారు, మనసు ఎంత మంచి వకీలు, అడగకముందే వాదన సిద్ధం చేసుకుంటుంది, పైనుంచి మంచం జరుపుతున్న చప్పుడు, బియ్యపుబస్తా ధబ్బున దించిన చప్పుడు, మళ్ళీ నవ్వు, వీధిలో వెలుతురు రంగు మారింది, పసుపూ బూడిదా కాని రంగు, దర్జీ మిషను ఆగింది, ఆ ఆగడంతో వీధి అంతా ఒక్కసారి వినబడడం మొదలైంది, ఎక్కడో తలుపు కొట్టుకుంటోంది, కుక్క మొరుగుతోంది, ఆ తరువాత గాలి వచ్చింది, చినుకుతో కాదు, దుమ్ముతో, ఎదుటి కొట్టు బోర్డును ఊడబెరికి రోడ్డు మీద దొర్లించుకుంటూ వచ్చింది, పైన రేకుల్లో ఏదో ఒక మూల టపటపమంది, అతనికి గుండెలో ఏదో చల్లగా, తియ్యగా లేచింది, వచ్చింది, అనుకున్నాడు, పెళ్ళివారి బండి కోసం చూసినవాడిలా, ఆ తియ్యదనం ఏమిటో తెలియడానికి ఒక్క క్షణం పట్టింది, తెలిశాక కాళ్ళు మెట్లను వాటంతట అవే ఎక్కాయి.

దించండి, ఇక్కడ ఉండకూడదు, దించండి ఆవిడని, అని అరిచాడు, ఇంట్లో అతను అరవడం ఎవరూ ఎరగరు, కూతురు దిండు వదిలేసింది, ఈ కప్పు ఉత్త బోర్డు, పైన రేకులు రాళ్ళ బరువుకే ఆగి ఉన్నాయి, బోల్టులు లేవు, అన్నాడు, అని తోడల్లుడి ముఖం వైపు చూశాడు, అది వాడిపోవడం చూడాలని, ఎక్కడైనా ఒక ముడత, ఒక సిగ్గు, ఏమీ లేదు, అయ్యో, నాకేం తెలుసన్నయ్యా, మా వైపు రేకంటే బోల్టుతోనే పుడుతుంది, ముందే ఒక్క మాట అనొద్దూ, అంటూనే వంగి అత్తగారిని ఎత్తుకున్నాడు, ఎక్కించినంత హుషారుగానే దించుతున్నాడు, చూశావా అత్తా, నా తెలివి నిన్ను ఆకాశంలోకి పంపేది, తెలియదని చెప్పడం వీడికి చొక్కా విప్పినంత తేలిక, దాని మీద కూడా అతని కన్ను పడింది, భార్య మాత్రం మెట్ల మధ్యలో ఆగింది, మీకు తెలిసి ఇంతసేపూ, అని మొదలుపెట్టి పూర్తిచేయలేదు, పనిలో పడి మరచిపోయాను, అన్నాడు, ఆమె ఇంకో క్షణం చూసి దిగిపోయింది.

అందరూ పనిగదిలో చేరారు, ఆ ఇంట్లో గట్టి కప్పున్న గదుల్లో పెద్దది అదే, చుట్టూ బొమ్మలు లేని ఖాళీ చట్రాలు, వాటి మధ్య మంచం, మంచం పక్కన నేల మీద మనుషులు, వాన మొదలైంది, దానిమీద గాలి, దర్జీ కుటుంబం ఎదుట తలుపు బిడాయించుకున్న చప్పుడు, దీపం ఆరిపోయింది గాని సాయంత్రం ఇంకా మిగిలి ఉంది కనుక ముఖాలు తెలుస్తున్నాయి, పైన రేకులన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి, తోడల్లుడు, ఈ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి గొంతు తగ్గించి, అన్నయ్యా, నిలుస్తుందంటావా, అని అడిగాడు, భార్య అతని వైపు తిరిగింది, మరదలు ఫోను దించింది, అత్తగారు మెడ ఎత్తి చూసింది, కూతురు వచ్చి అతని భుజానికి ఆనుకుని కూర్చుంది, పొద్దుటి నుంచీ అతను కోరుకున్నది సరిగ్గా ఇదే, అందరి కళ్ళూ తన మీద, తన మాట కోసం, దొరికింది, నిలవొచ్చు, రాళ్ళు బరువైనవే పెట్టించాను, అన్నాడు, అంటున్న గొంతు కిందనే ఇంకో గొంతు స్పష్టంగా వినిపించింది, ఎగిరిపోనీ.

ఎగిరిపోతే తన మాట నిజమైనట్టు, నిలిస్తే ఏముంది, రేపు పొద్దున తడిమెట్ల మీద నిలబడి వాడు, ఊరికే కంగారుపెట్టావన్నయ్యా, అంటాడు, అందరూ నవ్వుతారు, అందుకని పోనీ, ఆమె ఇసుక మోసిన గది, తను మెడ విరుచుకున్న బోర్డు, పోనీ, ఆవిడ నవ్వు కావాలనీ, కూతురి పరుగు కావాలనీ, భార్య కళ్ళలో ఆ మెరుపు తన వైపు తిరగాలనీ పొద్దుటి నుంచీ ఈర్ష్యకు పేర్లు పెట్టుకుంటూ వచ్చాడు, వాటిలో ఏదీ దానికి అక్కరలేదు, వాడు తప్పని తేలితే చాలు, అందుకు బదులుగా ఇంటి కప్పు ఇమ్మంటే ఇచ్చేస్తుంది, ఇందాక పనిగదిలో గోనెపట్టా కప్పుతూ చెవులు రిక్కించినప్పుడు కప్పు కంటే పెద్దదాన్నే ఇవ్వడానికి సిద్ధపడింది, మరో విసురు వచ్చింది, రేకులు మూలిగాయి, లేచాయి, పడ్డాయి, నిలిచాయి, అతనొక నిట్టూర్పు విడిచాడు, అది ఊరట అనుకుని కూతురు అతని చెయ్యి పట్టుకుంది, ఊరట కాదని తెలిసినవాడు ఆ గదిలో అతనొక్కడే, గోడలన్నీ మనుషుల పక్షాన నిలబడి ఉంటే గాలి పక్షాన కూర్చున్నవాడూ అతనొక్కడే.